మోటుపల్లి: చదువుకుని వెళ్లవలసిన ఊరు

సముద్రస్నానానికీ సరదా విహారానికీ అయితే మోటుపల్లి దాకా వెళ్లనక్కరలేదు. అందుకు చీరాల పక్కనున్న వాడరేవు, రామాపురం తీరాలు చాలు. బసకు గదులూ భోజనానికి హోటళ్లూ అక్కడే దొరుకుతాయి. అయితే కాకతీయుల కాలంలో విదేశీ ఓడలకు స్వాగతం పలికిన రేవు ఈనాడు ఏ స్థితిలో ఉందో చూడాలన్న కుతూహలం ఉన్నవారికి, ఒంగోలు నుంచి ఒక్క పూటలో వెళ్లి రాగలిగిన దూరంలో దీనికి సాటి వచ్చే ఊరు మరొకటి లేదని నా అభిప్రాయం.

ప్యాసింజరు రైలులో చినగంజాం స్టేషనులో దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్లడం సులభం. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను ముందే కుదుర్చుకోవాలి, లేకపోతే ఎండలో నిలబడక తప్పదు. దారిలో చినగంజాం ఉప్పుమళ్లు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. ఒంగోలు కేంద్రంగా 1970లో ఏర్పడిన జిల్లాలో 2022 దాకా ఉన్న ఈ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా, మా వైపు వాళ్లు ఇంకా ప్రకాశం జిల్లా మోటుపల్లి అనే అంటారు.

చూడవలసినది ప్రధానంగా ఒక్క రాతి స్తంభం. వీరభద్రస్వామి ఆలయ మండపంలో ఉన్న ఆ స్తంభం మీద గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు దారి తప్పి, విరిగి, తాము చేరదలచని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల మీది బంగారాన్నీ, ఏనుగులనూ, గుర్రాలనూ, రత్నాలనూ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రయానానికి తెగించిన వర్తకుల మీద దయతో తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నామనీ అందులో చక్రవర్తి ప్రకటించాడు. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు అంటూ సరుకుల పేర్లు కూడా అందులో వరసగా ఉన్నాయి. అలవాటు లేని కంటికి ఆ లిపి వెంటనే అందదు. ఏటవాలుగా పడే ఉదయపు వెలుగులో గీతల లోతు తెలుస్తుంది గానీ, మిట్టమధ్యాహ్నం వెళ్తే రాయి తప్ప ఏమీ కనిపించదు. శతాబ్దానికి పైగా గడిచాక, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడికి వచ్చే వర్తకులకు రాయితీలిస్తూ శాసనం వేయించాడు. రాజ్యాలు మారినా రేవు అవసరం మారలేదన్నమాట.

మార్కోపోలో తన యాత్రా కథనంలో ముత్ఫిలి అని రాసినది ఈ రేవునే. వివేకవతియైన ఒక రాణి ఇక్కడి ప్రాంతాన్ని ఏలిందని ఆయన మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవి అనే చరిత్రకారులు భావిస్తారు, అయితే ఆమె తండ్రి గణపతిదేవుణ్ణి మార్కోపోలో ఆమె భర్తగా పొరబడ్డాడు. సాలెగూడంత పలచగా ఉండే ఇక్కడి వస్త్రాలను ధరించడానికి ఏ రాజైనా, రాణి అయినా సంతోషిస్తారని రాశాడు. పక్కనే ఉన్న చీరాల, వేటపాలెం మగ్గాల సంగతి తెలిసినవారికి ఆ పొగడ్త అతిశయోక్తిగా తోచదు.

ఊరి నుంచి ఒడ్డుకు కొంత దూరముంది. అక్కడికి పొద్దున్నే వెళ్లాలి. పడవలు ఇసుకలోకి ఎక్కిన తర్వాత, వలలో చిక్కిన చేపలను మొప్పలు తెగకుండా ఒక్కొక్కటే విడదీసే జాలర్ల వేళ్ల నేర్పు చూడదగినది. ఫోటో తీసేముందు ఒక మాట అడగడం మర్యాద. నేను అడిగితే, “తీసుకోండి సారూ, వలను మాత్రం తొక్కబాకండి” అన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రెండు నెలల్లో వెళ్తే ఈ దృశ్యం కోసం ఎదురుచూడకూడదు. అలలు బలంగా ఉండే తీరం, పిల్లలను నీటిలోకి దించవద్దు.

నా ఫిర్యాదు ఒక్కటే. ఇంతటి శాసనం ఏం చెబుతోందో నేటి తెలుగులో తెలిపే పలక ఒక్కటైనా నేను వెళ్లినప్పుడు నా కంటపడలేదు. నాతోపాటు వచ్చిన కుటుంబమొకటి స్తంభాన్ని తాకి, దణ్ణం పెట్టి, అదేమిటో తెలియకుండానే బయటకు నడిచింది. అందుచేత శాసన సారాంశాన్ని ముందే చదువుకుని, వీలైతే కాగితం మీద రాసుకుని వెళ్లాలి. పూట మిగిలితే, 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం దగ్గరలోనే ఉంది. పాత పత్రికలు, గ్రంథాలు భద్రపరిచిన ఆ గ్రంథాలయం ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కుని బయలుదేరితే రెండూ ఒకే రోజులో చూడవచ్చు.