ఎర్ర పాచి మీద దిశ మార్చే గైర్ పంపు: చాలాకాలం వాడాక నా మాట

గైర్ పంపు అంటే ఉప్పునీటి అక్వేరియంలో నీటిని కదిలించే పంపు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక్కటే. నీటిని కాసేపు ఒకవైపు తోస్తుంది, తర్వాత రోటరు, అంటే పంపులో తిరిగే భాగం, ఎదురు దిశలో తిరిగి రెండోవైపు తోస్తుంది. గంటకు ఎన్ని గ్యాలన్లు, ఎన్ని వాట్లు, ఫోన్ యాప్ ఎలా ఉంటుంది అన్నవి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. సయానో, అంటే ఇసుక మీద ముదురు ఎరుపు రంగులో పరుచుకునే ఆ జిగురు పాచి విషయంలో ఇది నాకెంత పనికొచ్చిందో మాత్రం వివరంగా చెబుతాను.

మాది డాలస్ దగ్గర. హాల్లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, నాలుగడుగుల పొడవు. సాఫ్ట్ కోరల్సే (మెత్తటి పగడాలు) ఎక్కువ, నాలుగైదు హ్యామర్ కోరల్స్, ఒక జత క్లౌన్ చేపలు. అంతకుముందు రెండు చివరలా మామూలు వేవ్‌మేకర్లు (నీటిని తోసే చిన్న పంపులు) ఉండేవి. అయినా ఎడమవైపు వెనక మూల, రాళ్ళ చాటున, సయానో వదిలేది కాదు. సన్న పైపు పెట్టి లాగితే మీగడలా పొరలు పొరలుగా లేచొచ్చేది. ఆ రాత్రికి ఇసుక తెల్లగా కనబడేది. కొద్దిరోజులు గడిచేసరికి మధ్యాహ్నం వెలుగులో బుడగలు పట్టుకుని మళ్ళీ అదే చోట కూర్చునేది. టర్బో నత్తలు దాని మీదుగా నడిచి వెళ్ళేవే గానీ ముట్టేవి కావు. ఇది నాచు కాదు, బ్యాక్టీరియా. నాచు తినే జీవాల్లో దీన్ని తినేవి చాలా తక్కువ.

అందరూ వాడే ఎర్రపాచి పొడి నేనూ వాడాను. పని చేయలేదని అనను, రెండు రోజుల్లో ఇసుక శుభ్రమైంది. కానీ ఆ రెండు రోజులూ స్కిమ్మర్ (వ్యర్థాలను నురగగా తీసే పరికరం) కప్పు తీసేసి, ఆక్సిజన్ పడిపోకుండా గాలి బుడగలొదిలే ఎయిర్ స్టోన్ పెట్టి, చివర్లో 20 శాతం నీళ్ళు మార్చాలి. ఆ తర్వాత కూడా స్కిమ్మర్ చాలా రోజులు నురగ కక్కుతూనే ఉంది. ఇంత చేశాక పాచి తిరిగొచ్చింది, అదే మూలకి. చచ్చిన పాచి కుళ్ళి వదిలిన పోషకాలు నీటిలోనే మిగిలాయి, వ్యర్థాలు పేరుకునే చోటూ అలాగే ఉండిపోయింది.

మామూలు వేవ్‌మేకర్ వేగం పెంచితే దాని ఎదుట ఇసుక లేచిపోతుంది తప్ప, రాయి చాటున ఉన్న చోటికి నీరు చేరదు. గైర్ పంపు నీటిని వెడల్పాటి పొరగా పైభాగంలో తోస్తుంది. ఆ పొర ఎదురుగా ఉన్న అద్దానికి తగిలి, కిందికి దిగి, ఇసుక మీదుగా వెనక్కి వస్తుంది. ఒకే దిశలో తిరిగితే దీనికీ నీరు కదలని చచ్చు మూలలు ఉంటాయి. దిశ మారినప్పుడు ఆ మూలలూ చోటు మారతాయి, కాబట్టి చెత్త ఎక్కడా స్థిరంగా కూర్చోలేదు. బిగించిన కొన్ని వారాలకే ఆ ఎడమ మూలలో ఇసుక గింజలు విడివిడిగా కనిపించాయి. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇక్కడ రాసి చెప్పలేను.

అయితే ఆ ఘనతంతా పంపుదేనా అన్న అనుమానం నాలో ఉండేది. ఎందుకంటే అదే రోజుల్లో నీటిలో నైట్రేటు అనే పోషకాన్ని కూడా పెంచాను. నా ట్యాంకులో నైట్రేటు సున్నా, హానా చెకర్ అనే చిన్న మీటరులో ఫాస్ఫేటు మాత్రం 0.1 పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం లెక్కన) దాకా ఉండేది. సయానోలో కొన్ని జాతులు నీటిలో కరిగిన నైట్రోజన్ వాయువునే తిండిగా మార్చుకోగలవు. అందుకే నైట్రేటు లేని నీటిలో వాటికి పోటీ ఉండదు. సోడియం నైట్రేటు కొద్దికొద్దిగా కలుపుతూ 5 పీపీఎం దగ్గర నిలబెట్టాను.

ఆ అనుమానం తీర్చింది పంపు పాడవడమే. విజయవాడలో చెల్లెలి పెళ్ళికని వెళ్ళాం. చేపలకు తిండి వేయడం, నైట్రేటు కలపడం పక్కింటి తెలుగువాళ్ళబ్బాయి చూసుకున్నాడు. మేము అక్కడుండగానే రోటరు తిరిగే చోట ఉండే చిన్న బుష్‌లు అరిగి, సున్నం పట్టి, పంపు బిగుసుకుపోయింది. "ఆంటీ, మూలన ఇసుకంతా ఎర్రబడింది" అని వీడియో పంపాడు. నీళ్ళు కదలడానికి అటక మీది పాత వేవ్‌మేకర్ తీయించి పెట్టించాను. చేపలకు, కోరల్స్‌కు ఇబ్బంది రాలేదు. పాచి మాత్రం మేం తిరిగొచ్చేలోగా పెరుగుతూనే పోయింది. వచ్చీరాగానే పరీక్ష చేస్తే నైట్రేటు 5 దగ్గరే ఉంది, ఫాస్ఫేటు మారలేదు, దీపాలు అవే. మారింది పంపు ఒక్కటే. ఎర్రబడిందీ మళ్ళీ ఆ ఎడమ మూలే. కొత్త బుష్‌లు వేసి, రోటరును సిట్రిక్ యాసిడ్ నీళ్ళలో నానబెట్టి, పైపుతో ఒకసారి లాగేశాక మళ్ళీ రాలేదు.

అందుకే ఆనందంతో పాటు ఇదీ చెప్పాలి. బుష్‌లు అరిగిపోతాయి. అరగడం మొదలైతే హాల్లో టీవీ చూస్తున్నా వినబడే గరగర వస్తుంది. ఆ శబ్దం రాగానే విప్పాలి. నెలకోసారి రోటరు చుట్టూ ఉండే పంజరం విప్పి కడగకపోతే తోపు తగ్గుతుంది. నా మోడల్‌లో వెనక్కి తిరిగేటప్పుడు తోపు ముందుదానికంటే తక్కువ. సన్న ఇసుకైతే మధ్యలో గుట్టలు పడుతుంది, నేను పంపు వేగం 40 శాతం దాటించలేకపోయాను. దానికే హ్యామర్లను కింది వరసకు జరపాల్సి వచ్చింది.

మరో విషయం. గోధుమరంగులో చీమిడి తీగల్లా వేలాడుతూ బుడగలు పట్టుకుంటే అది సయానో కాకపోవచ్చు, డైనోఫ్లాజెలేట్లు (డైనోలు) అనే ఏకకణ జీవులు అయ్యుండొచ్చు. పిల్లల మైక్రోస్కోపు చాలు: సయానో పోగుల్లా కనబడుతుంది, డైనోలు ఒక్కో కణంగా ఈదుతూ కనబడతాయి. డైనోలకు నేను పంపు గురించి పైన చెప్పింది వర్తించకపోవచ్చు. ఎర్రపాచి పొడి వేస్తే పోటీ బ్యాక్టీరియా చచ్చి, అవి ఇంకా పెరగొచ్చు. సయానో అయినా పూర్తిగా పోదు. భూమ్మీద గాలిలో ఆక్సిజన్ నింపిన ఈ జీవులు 240 కోట్ల ఏళ్ళకు ముందునుంచీ ఉన్నాయి. నా ట్యాంకులోనూ ఎక్కడో ఒక చోట ఉంటాయి, పరుచుకోకుండా ఉంటే నాకు చాలు.

పొడవాటి ట్యాంకు, సాఫ్ట్ కోరల్స్, కాస్త బరువైన ఇసుక ఉన్నవాళ్ళకు దిశ మార్చే మోడల్‌నే కొనమంటాను, దిశ మారనిదాని మీద డబ్బు పెట్టొద్దు. రెండడుగుల ట్యాంకులో దీని అవసరం నాకు కనబడదు, ఉన్న వేవ్‌మేకర్‌ను అటూ ఇటూ జరిపి చూడడం మేలు. ఎక్కువగా ఊళ్ళు తిరిగేవాళ్ళు మాత్రం పంపుతో పాటే అదనపు బుష్‌లు, రోటరు కొనుక్కోండి. నేను ఇప్పుడు రెండు సెట్లు ఉంచుకుంటున్నాను.