చంద్రగిరి దగ్గర రాక్ క్లైంబింగ్: కోట గోడ జోలికి పోనివ్వని టీమ్

తిరుపతి నుంచి ఒక్క పూటలో వెళ్లి వచ్చేలా రాక్ క్లైంబింగ్ కావాలంటే, వారాంతాల్లో చంద్రగిరి వైపు తీసుకెళ్లే ఈ చిన్న టీమ్‌తో నిక్షేపంగా వెళ్లొచ్చు. ఫీజు కాస్త ఎక్కువే. కానీ హార్నెస్‌లు (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీలు), హెల్మెట్లు మంచివి, కింద తాడు పట్టుకున్న మనిషి మనం దిగేదాకా పక్కకి చూడడు, టెన్షన్ లేకుండా ఎక్కొచ్చు.

నేను ఎక్కువ మార్కులు వేసేది మాత్రం వాళ్లు ఎక్కనివ్వని రాళ్లకి. మా బ్యాచ్‌లో ఇద్దరు బెంగళూరు కుర్రాళ్లు కోట గోడే ఎక్కుదామని ఒకటే గొడవ. ట్రైనర్ ససేమిరా అన్నాడు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న విజయనగర రాజుల కోట, 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం దానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. మమ్మల్ని కోటకి బాగా దూరంగా, ఊళ్లోవాళ్లని ముందే అడిగి పెట్టుకున్న గుండ్ల దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ కూడా పసుపు కుంకుమ పెట్టిన గుండు ఒకటుంది, అన్నిటికంటే పట్టు బాగా దొరికేది అదే, అయినా దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.

తాడు కట్టడానికి రాతికి డ్రిల్లు పెట్టి బోల్టులు దించితే వాళ్ల పని సులువయ్యేది, కానీ ఆ రంధ్రం ఇక పూడదు. వీళ్లు పైనున్న పెద్ద గుండుకి స్లింగ్ (గట్టి పట్టీ) చుట్టి, అంచు దగ్గర తాడు ఒరుసుకోకుండా గోనెపట్టా మడిచి వేసి, అప్పుడు తాడు వదిలారు. చేతులకి రాసుకునే తెల్లపొడి మరకల్ని చివర్లో బ్రష్‌తో తుడిచారు గానీ, రాతి పైభాగంలో ఉన్నవాటిని అలాగే వదిలేశారు. హంపి గుండ్ల మీద ఆ మచ్చలు చూసినవాళ్లకి ఎంత బాధగా ఉంటుందో తెలుసు.

ఇంకొకటి, ప్రకటనలో కోట గోడ ఫోటో ఎందుకండీ? అది చూసే కదా ఆ కుర్రాళ్లు గోడ ఎక్కొచ్చు అనుకుని వచ్చింది! వెంటనే తీసేయండి. ఈ రెండింటికీ ఒక స్టార్ తగ్గించి నాలుగు ఇస్తున్నా. కోట చూడ్డానికి విడిగా వెళ్లేవాళ్లు శుక్రవారం కాకుండా చూసుకోండి, కోటలోని రాజమహల్ మ్యూజియానికి ఆ రోజు సెలవు.