మిద్దెతోటకు ఏది మేలు: సేంద్రియ ఎరువా, రసాయన ఎరువా?

ఖర్చు: యూరియా చవక. సబ్సిడీతో 45 కిలోల బస్తా 270 రూపాయల లోపే. వర్మీకంపోస్టు, అంటే వానపాముల ఎరువు, కిలోల లెక్కన కొంటే జేబుకు భారమే. కూరగాయల తొక్కలు, ఎండుటాకులతో ఇంట్లోనే కంపోస్టు చేసుకుంటే ఆ భారం తప్పుతుంది, కానీ రెండు మూడు నెలలు ఆగాలి.

బలం: యూరియాలో 46 శాతం నత్రజని. వర్మీకంపోస్టులో రెండు శాతం అటూ ఇటూ. పోటీయే లేదు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. కుండీలో వేరు పక్కకు తప్పుకునే చోటు లేదు. యూరియా చెంచాడు ఎక్కువైతే చాలు, వంగ మొక్క ఆకు అంచులు మాడి ముడుచుకుపోతాయి. బాగా మాగిన పశువుల ఎరువు దోసెడు ఎక్కువైనా మొక్క తట్టుకుంటుంది. పచ్చి పేడ మాత్రం వద్దు, అదీ వేళ్లను మాడుస్తుంది.

పురుగు: ఆకుల రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక రసాయన మందుతో త్వరగా పోతుంది. అయితే మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కోత కోయకూడదు. రోజూ గిల్లుకునే కొత్తిమీరకు ఆ గడువు ఎలా కుదురుతుంది? వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. వారానికోసారి మళ్లీ అదే పని. బద్ధకస్తులకు కష్టమే.

ఆకుకూరలు, టమాటా పెంచేవారికి, ఇంట్లో పిల్లలున్నవారికి సేంద్రియమే నా సలహా. పూలమొక్కలే ఉండి, తీరిక తక్కువైతే, నీళ్లలో కరిగే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున ఉండే రసాయన ఎరువు) లీటరుకు రెండు గ్రాములు వాడండి. గులాబీని ఎవరూ కూర వండుకోరు కదా!