రొయ్యల రేటు ముందే చెబుతామనే సర్వీసుకి డబ్బు కట్టకండి, నేను కట్టి మునిగాను

రొయ్యల రైతులందరికీ, ముఖ్యంగా ఉండి, కాళ్ళ, ఆకివీడు వైపు వాళ్ళకి. "వచ్చే వారం రేటు పెరుగుతుందో తగ్గుతుందో ముందే చెబుతాం" అంటూ వాట్సాప్‌లో ఒక సర్వీసు తిరుగుతోంది. పేరు రాయను, రాసినా లాభం లేదు. నాకు తెలిసే రెండుసార్లు పేరు మార్చారు. పద్ధతి ఒకటే కాబట్టి అది తెలుసుకుంటే చాలు, ఏ పేరుతో వచ్చినా పట్టేస్తారు.

పోయిన సంవత్సరం, 2025 జూన్ 26 గురువారం నాకు మొదటి మెసేజ్ వచ్చింది. రంగురంగుల చార్టు, పక్కన తిథులు, సముద్రం పోటు పాటుల టైములు, డాలరు గీత ఒకటి, కింద పెద్దక్షరాలతో "వచ్చే గురువారానికి రేటు పెరుగును". ఫ్రీ అన్నారు. చూసి వదిలేశాను. పెరిగింది. జూలై 3న "తగ్గును" అన్నారు. తగ్గింది. అలా వరసగా నాలుగు వారాలు. నాలుగోది కూడా నిజమయ్యేసరికి నాకు ఆ చార్టులో నిజంగానే ఏదో కనపడటం మొదలైంది. అమావాస్యకి ముందు గీత కిందికి దిగుతోంది, పాడ్యమికి లేస్తోంది. రాత్రి చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర మంచం మీద పడుకుని ఫోన్‌లో ఆ గీతల్ని పెద్దవి చేసుకుని చూసేవాణ్ణి. జూలై 24న ఐదో మాట చెప్పారు, అదీ సరిగ్గా జరిగింది. ఇక ఒక కల్చర్‌కి, అంటే ఒక పంటకి, 8,500 కట్టమంటే ఆలోచించనేలేదు. నెట్ సెంటర్ కుర్రాడి చేత కట్టించినా బాగుండేది, వాడైనా ఒకసారి అడ్డుపడేవాడేమో.

అమావాస్య, పౌర్ణమిల మాట ఎందుకు నమ్మానంటే అందులో సగం మనకి తెలిసిందే. ఆ రోజుల్లో రొయ్య మోల్టింగ్‌కి వస్తుందని, అంటే గుల్ల వదులుతుందని, చెరువు మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. మినరల్స్ చల్లుతాం, మేత తగ్గిస్తాం. మోసం చేసేవాడు ముందు మనకి తెలిసిన నిజమే మనకి చెప్పి తల ఊపిస్తాడు. రొయ్య గుల్ల వదలడానికి తిథితో పని ఉంటే ఉండొచ్చు గానీ, మన రొయ్య ఎక్కువగా వెళ్ళేది అమెరికాకి. అక్కడ కొనేవాడు పంచాంగం చూడడు. మనకి పోటీగా రొయ్య పంపే ఈక్వడార్ వాడి సరుకు ఎంతకి దొరుకుతుందో, మన సరుకు మీద సుంకం ఎంతో చూస్తాడు.

ఇక నా చెరువు సంగతి. మూడెకరాలు, వనామీ రొయ్య, 60 కౌంట్ మీద ఉంది, అంటే కిలోకి 60 తూగుతాయి. జూలై 30న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం ప్రకటించింది. మర్నాడు ఉదయం కొనుగోలుదారుడు వచ్చాడు. కిలో 300, మూడు టన్నులు ఉంటుందని అంచనా, శుక్రవారం పట్టేద్దాం అన్నాడు. నేను సర్వీసు వాళ్ళకి ఫోన్ చేశాను. "అది భయం రేటు సార్, శ్రావణ పౌర్ణమికి లేస్తుంది, ఆపండి" అన్నారు. ఆపాను.

ఆగస్టు 6న ఇంకో 25 శాతం ప్రకటించారు. ఆ రాత్రి నుంచే మా చెరువుల మీద ఎవరి ముఖంలోనూ నెత్తుటి చుక్క లేదు. దానికి తోడు ముసురు. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, గట్టు పక్కన చచ్చిన రొయ్య కనపడుతోంది. వరలక్ష్మీ వ్రతం పూట ఇంట్లో పూజ జరుగుతుంటే నేను గట్టు మీద తిరుగుతున్నాను. 9వ తేదీ, వాళ్ళు చెప్పిన ఆ పౌర్ణమి నాడే, అయిన కాడికి పట్టించేశాను. 2.6 టన్నులు వచ్చింది, కిలోకి 275 ఇచ్చారు. 9 లక్షలు రావాల్సిన చోట 7,15,000. ఆ తొమ్మిది రోజులకి 27 బస్తాల మేత, కరెంటు వేరే.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే మొదట "మార్కెట్ అసాధారణంగా ఉంది" అన్నారు. తర్వాత చెరువు ఎవరి పేరు మీద ఉంది, ఆయన జన్మ నక్షత్రం ఏమిటి అని అడిగారు. ఆ తర్వాత నన్ను గ్రూపులోంచి తీసేశారు. భీమవరంలో ఆఫీసు అని ఒక అడ్రసు ఇచ్చారు గదా అని వెళ్ళాను. అక్కడ ఏరియేటర్ మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. పాపం ఆ ముసలాయన నాకు టీ తెప్పించాడు. ఆ నెలలో అలా వెతుక్కుంటూ వచ్చినవాళ్ళలో నేను నాలుగోవాణ్ణట.

అసలు గుట్టు వినాయక చవితి నాడు బయటపడింది. మా బావ వాళ్ళది అల్లవరం వైపు, ఆయనకీ చెరువులున్నాయి. పండక్కి వచ్చాడు. అది ఆగస్టు 27, మొత్తం 50 శాతం సుంకం అమల్లోకి వచ్చింది కూడా ఆ రోజే. (మా ఊళ్ళో ఒకాయన, పోయినేడు చవితి చంద్రుణ్ణి చూశాం, అందుకే ఈ నింద అన్నాడు. నవ్వకండి. నేను 8,500 కట్టి నమ్మినదానికంటే ఇది చవకే.) నా గోడు చెబుతుంటే బావ ఆపి, "ఈ చార్టు నాకూ వచ్చింది రా" అని ఫోన్ తీశాడు. అదే చార్టు, అదే జూలై 3. నాకు "తగ్గును" అని వచ్చిన రోజున ఆయనకి "పెరుగును" అని వచ్చింది. తప్పయింది కాబట్టి ఆయన డిలీట్ కూడా చేయకుండా మర్చిపోయాడు. ఆ తర్వాత ఆయనకి మెసేజులే రాలేదు.

లెక్క వేసి చూడండి. 1,600 మందికి పంపారనుకోండి. 800 మందికి పెరుగుతుందని, 800 మందికి తగ్గుతుందని. ఏదో ఒకటి జరుగుతుంది. తప్పు వెళ్ళినవాళ్ళని వదిలేస్తారు. మిగిలిన 800లో మళ్ళీ సగం సగం. 400, 200, 100, ఐదో వారానికి 50 మంది. ఆ 50 మందికీ వరసగా ఐదుసార్లు నిజమైనట్టు కనపడుతుంది. వాళ్ళ దృష్టిలో ఆ చార్టు పంపినవాడు సాక్షాత్తూ దేవుడే. ఈ యాభై మందీ టీకొట్టు దగ్గర చెబుతారు. తప్పు వచ్చిన 1,550 మందిలో ఒక్కడు కూడా "నాకు తప్పు మెసేజ్ వచ్చింది" అని ఊరంతా చెప్పుకోడు. మా బావ చెప్పాడా? పండగ రాకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మా పెద్దమ్మాయి విశాఖలో సైకాలజీ చదువుతోంది. నన్ను ఓదార్చడానికి ఒక సంగతి చెప్పింది. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1948లో రాశాడట. ఆకలిగా ఉన్న పావురాల్ని పెట్టెల్లో ఉంచి, అవి ఏం చేసినా చేయకపోయినా లెక్కగా కొన్ని సెకన్లకొకసారి మేత వచ్చేలా పెట్టాడు. ఎనిమిదింటిలో ఆరు పావురాలు ఏదో ఒక చేష్ట పట్టుకున్నాయి. ఒకటి గిరగిరా తిరుగుతుంది, ఒకటి పెట్టె మూలకి తల పొడుస్తుంది. అలా చేస్తేనే మేత వస్తోందని వాటి లెక్క. "నువ్వు పావురానివి నాన్నా" అంది. నాకేం కోపం రాలేదు. సంక్రాంతి కోడిపందేలకి కుక్కుట శాస్త్రం విప్పి ఈ పూట డేగా, కాకా అని వాదించుకునే ఊళ్ళో పుట్టినవాణ్ణి. మొదటి చెక్ ట్రే నేనే ఎత్తాలి, పనివాడు ఎత్తితే ఒప్పుకోను. దానికి కారణం ఏమిటంటే ఒకసారి మంచి పంట వచ్చినప్పుడు నేనే ఎత్తాను, అంతే.

మన డెల్టా వాళ్ళకి ఇంకో అలవాటు కూడా ఉంది అనిపిస్తుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన తాతలకి నీళ్ళు తేదీ ప్రకారం వస్తున్నాయి. కాలవ వదిలే రోజు, కట్టేసే రోజు పేపర్లో పడుతుంది. వరద కూడా చెప్పే వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులు దాటింది అంటే మనం సర్దుకుంటాం, ఆ తర్వాత ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. పై నీరు కిందికి రావాల్సిందే కాబట్టి ఆ మాట నిలబడుతుంది. రొయ్య రేటుకి ఎగువన భద్రాచలం లేదు. ఉందని చెప్పేవాడు ఎవడైనా, తన గీత ఏ కారణాన లేస్తుందో అడగండి.

మీకూ మెసేజ్ వస్తే చేయాల్సింది చిన్న పని. వేరే మండలంలో ఉన్న చుట్టానికో, వియ్యంకుడికో ఆ రోజే ఫోన్ చేసి, వాళ్ళకేం వచ్చిందో అడగండి. కట్టేముందు మాత్రం, పాత మాటలన్నీ, తప్పైనవి కూడా, ఒక్కచోట చూపించమనండి. "పెరుగును" అంటే ఎన్ని రూపాయలు, ఏ కౌంట్‌కి అని అడగండి. జవాబు రాదు. ఇప్పటికే కట్టి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిదట. నేను సిగ్గుపడి నెల రోజులు ఆగాను, నా డబ్బు ఇంకా రాలేదు.

పోయిన గురువారం కొత్త నంబరు నుంచి, కొత్త పేరుతో, అదే చార్టు వచ్చింది. బావకి ఫోన్ చేశాను. ఆయనకీ వచ్చింది. నాకు "తగ్గును", ఆయనకి "పెరుగును". రెండు స్క్రీన్‌షాట్లూ కింద పెడుతున్నాను, తేదీ, టైము చూసుకోండి.