బీఎల్‌డీసీ ఫ్యాను: ఏ గదిలో పెడితే బిల్లు దిగుతుంది, ఎక్కడ పెడితే డబ్బు దండగ

షాపులో బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మీద నడిచేది) గురించి అడిగితే ఒకటే మాట చెబుతారు: "పాత ఫ్యాను 75 వాట్లు, ఇది 28 వాట్లు, సగానికి సగం మిగులు." ఆ లెక్క అబద్ధం కాదు. కానీ మీ ఇంట్లో ఇప్పుడు తిరుగుతున్నది పాత ఫ్యాను అయితేనే అది వర్తిస్తుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపును చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. ఇవాళ షాపులో దొరికే మామూలు ఒక స్టార్ ఫ్యాను 50 వాట్లకు కాస్త అటూ ఇటుగా తీసుకుంటుంది. కొత్త ఇంటికి కొంటున్నారా, అయితే పోల్చుకోవాల్సింది ఆ 50తో. పాతది తీసేసి పెడుతున్నారా, అప్పుడే 75తో.

రెండింటికీ లెక్క వేసి చూద్దాం. రోజుకు 15 గంటలు, ఫుల్ స్పీడు. పాత ఫ్యాను నెలకు 34 యూనిట్లు దాకా తాగుతుంది. 50 వాట్లది ఇరవై రెండున్నర. 30 వాట్ల బీఎల్‌డీసీ పదమూడున్నర. పాతదాని స్థానంలో పెడితే ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు మిగులుతాయి, కొత్త ఒక స్టార్ ఫ్యానుకు బదులు కొంటే తొమ్మిదే. ధర మామూలు ఫ్యానుకన్నా వెయ్యీ పదిహేను వందలు ఎక్కువ. ఈ తేడా ఆదా రూపంలో ఎన్నాళ్లకు తిరిగొస్తుందనేది మీ శ్లాబు (వాడకాన్ని బట్టి యూనిట్ రేటు మారే మెట్టు) చెబుతుంది.

తెలంగాణలో ఈ విషయం మరీ ముఖ్యం. 2022-23లో వచ్చిన రేట్ల ప్రకారం నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80. 200 దాటితే ఆ మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన 300 దాకా 7.70. నెలకు 230 యూనిట్లు కాలే ఇల్లు తీసుకోండి: విద్యుత్ ఛార్జీ 1,251 రూపాయలు. మూడు పాత ఫ్యాన్లు మార్చి 170కి తెస్తే 676. అరవై యూనిట్లకు 575 రూపాయలు తగ్గింది, యూనిట్‌కు తొమ్మిదిన్నర పడినట్టు. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వగైరా దీనికి వేరు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే కుటుంబానికైతే ఎండాకాలంలో 205, 210 దగ్గర ఆగిపోవడమే అసలు నష్టం, ఎందుకంటే 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. అలాంటి ఇంటికి ఒక్క ఫ్యాను మార్చినా ఫలితం కళ్లకు కనబడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 200 దాటగానే మొత్తం రేటు మారిపోయే ఆ గోడ లేదు. మెట్లు మెట్లుగా పెరుగుతుంది: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75. అదే 230 నుంచి 170కి వస్తే ఆదా 374 రూపాయల దగ్గర. ఇదీ తక్కువేం కాదు. నెలకు 70 యూనిట్లే కాలే చిన్న ఇంట్లో మాత్రం మిగిలే యూనిట్ విలువ మూడు రూపాయలు. బాగా తిరుగుతున్న ఫ్యాన్ని పీకి మూడు వేలు పెట్టడం అక్కడ తొందరపాటే.

ఏ గదికి? రోజుకు పది గంటలకు మించి తిరిగే చోట. హాలు, పడకగదులు. వంటింట్లో, పూజగదిలో, చుట్టాల గదిలో వద్దు. అక్కడ పెట్టిన ఖర్చు తొందరగా తీరదు. ఇంకో మాట, ఫ్యాను మెల్లగా తిరుగుతోందని మార్చాలనుకుంటే ముందు కండెన్సర్ చూడండి. 2.5 మైక్రోఫారడ్‌ది కొన్నేళ్లకు బలహీనపడుతుంది, వందలోపు ఖర్చుతో ఫ్యాను మళ్లీ పుంజుకుంటుంది.

కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోవద్దు. గాలి తక్కువ ఇచ్చి వాట్లు తక్కువ చూపడం పెద్ద విద్యేం కాదు. లేబుల్ మీద సర్వీస్ వాల్యూ అని ఉంటుంది: నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందో దాన్ని వాట్లతో భాగిస్తే వచ్చే సంఖ్య. 2023 నాటి కొలత ప్రకారం 1200 మిల్లీమీటర్ల ఫ్యానులో అది 6 లేదా అంతకన్నా ఎక్కువుంటే ఐదు స్టార్లు, 4 నుంచి 4.5 లోపైతే ఒక స్టారు. దాంతోపాటు గాలి ఎంతో విడిగా చదవండి. 210కి తగ్గితే హాలుకు చాలదు. 28 వాట్లు అని రాసినది మామూలు ఐదో స్పీడు లెక్క. బూస్ట్ మోడ్ ఉన్నవాటిలో ఆ మీట నొక్కగానే వాట్లు పెరుగుతాయి, దాన్ని రోజంతా వాడితే పెట్టె మీది సంఖ్య మరిచిపోవచ్చు.

మధ్య స్పీడులో ఈ ఫ్యాన్లు నిజంగా మెచ్చుకోదగ్గవి. స్పీడు తగ్గేకొద్దీ వాట్లు చాలా వేగంగా పడిపోతాయి. మూడో స్పీడులో సాధారణంగా పది, పదిహేను వాట్ల మధ్య నడుస్తాయి. పాత పెట్టె రెగ్యులేటర్‌తో స్పీడు తగ్గిస్తే మిగిలిన కరెంటు వేడిగా పోతుంది, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కాస్త నయం. ఊళ్లలో సాయంత్రం ఓల్టేజి పడిపోయే ఇళ్లకు ఇంకో లాభం ఉంది: 160, 170 ఓల్టుల దగ్గర మామూలు ఫ్యాను ఈడుస్తుంది, ఇది అదే స్పీడుతో తిరుగుతుంది. ఇన్వర్టర్ మీద మూడు పాత ఫ్యాన్లు 225 వాట్లు లాగితే ఇవి 90 లాగుతాయి. అంటే అదే బ్యాటరీ రెట్టింపుకు పైగా నిలుస్తుంది. కోతలు ఉండే ఊళ్లో బిల్లు కన్నా ఇదే కొనడానికి బలమైన కారణం అనిపిస్తుంది.

బిగింపు దగ్గరే ఎక్కువ చెడుతుంది. గోడ మీది రెగ్యులేటర్ తీసేయాలి, దానికి వచ్చే రెండు తీగలను కలిపి టేపు చుట్టాలి. "ఐదులో పెట్టి వదిలేయండి, చాలు" అనే మేస్త్రీ మాట వినొద్దు. ఏదో ఒకరోజు పిల్లలు మూడుకు తిప్పుతారు. ఫ్యాను లోపలి బోర్డుకు కోతపెట్టిన కరెంటు అందుతుంది. కిచకిచ శబ్దం, ఆగి ఆగి తిరగడం, చివరికి బోర్డు పోవడం. చాలా కంపెనీలు రెగ్యులేటర్ మీద నడిపిన ఫ్యానుకు వారంటీ ఇవ్వవు. పనికి ముందు స్విచ్ కాదు, మెయిన్ ఆపి టెస్టర్‌తో చూడాలి. రాడ్డుకు పడే బోల్టుకు చీలిక పిన్ను వేసి రెండు కాళ్లూ విడదీసి వంచారో లేదో నిచ్చెన తీయకముందే చూసుకోండి. రెక్కలు సెట్టుగా తూకం చేసి వస్తాయి, రెండు ఫ్యాన్ల రెక్కలు కలిసిపోతే ఊగుడు ఖాయం. రెక్కలకూ సీలింగుకూ మధ్య కనీసం అడుగు ఉండాలి, అంతకన్నా దగ్గరైతే గాలి లాగలేక ఏ ఖరీదు ఫ్యానైనా తేలిపోతుంది.

రిమోట్ సంగతి. ఎక్కువ మోడళ్లకు టీవీ రిమోట్ లాంటిదే వస్తుంది. ఒకే హాల్లో రెండు ఫ్యాన్లు ఉంటే ఒకటి నొక్కితే రెండూ వింటాయి. జత చేసుకునే వీలుందో లేదో కొనేముందే అడగండి. పెద్దవాళ్లున్న ఇంట్లో, గోడ స్విచ్‌ను గబగబా ఆపి వేస్తే స్పీడు మారే మోడల్ మేలు. రిమోట్ పోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది.

బిగించాక ఆదా నిజమేనా అని మీటరే చెబుతుంది. మీటరు ముఖం మీద యూనిట్‌కు ఎర్ర లైటు ఎన్నిసార్లు మెరుస్తుందో (imp/kWh అని) రాసి ఉంటుంది, 3200 అనుకుందాం. ఫ్రిజ్ సహా అన్నీ ఆపి ఒక్క ఫ్యానే ఫుల్ స్పీడులో వేసి పది నిమిషాలు ఎర్ర లైటు లెక్కపెట్టండి. పాత 75 వాట్ల ఫ్యానుకు 40 మెరుపులు వస్తాయి. 30 వాట్లదానికి 16. ఇరవై అయిదు దాటితే ఎక్కడో తప్పుంది: బహుశా ఇంకేదో స్టాండ్‌బైలో కాలుతోంది. సెటాప్ బాక్సునే మొదట అనుమానించండి.

ఇక లోపం. దీని ప్రాణం బోర్డులో ఉంది. వీధిలో న్యూట్రల్ తెగితే ఒక ఫేజు ఇంటికి మూడు వందలు, ఆపైన ఓల్టులు రావచ్చు. పిడుగు పడినా అంతే. మామూలు ఫ్యాను కాలితే ఏ మండల కేంద్రంలోనైనా వైండింగ్ షాపుంది, తీగ చుట్టి ఇస్తారు. బీఎల్‌డీసీ బోర్డు మోడల్‌కు మోడల్ వేరు, అది కంపెనీ సర్వీసు నుంచే రావాలి. అందుకే మీ ఊరికి మనిషి వచ్చి చూస్తాడా, మీరే ఫ్యాను దించి మోసుకెళ్లాలా, వారంటీ మోటారుకేనా లేక బోర్డుకూ ఉందా అన్నది బిల్లు మీదే రాయించుకోండి. ఒకే బ్రాండువి మూడు కొనేకన్నా ముందు హాలుకు ఒకటి పెట్టి, ఒక ఎండాకాలం, ఒక ఉరుముల కాలం గడవనిచ్చి మిగతావి కొనడం మంచిది.