మానుపసుపు కొనాలంటే పొడి వద్దు, చెక్కే కొనండి: విజయనగరంలో ఒక మూలికల కొట్టు

విజయనగరం గంటస్తంభం నుంచి నడక దూరంలో ఉన్న ఈ కొట్టులో కరక్కాయలు, కుంకుళ్లు, శీకాయ వంటి సరుకు మంచిదో కాదో ఇక్కడివారు చూపుతోనే పోల్చగలరు, ఎందుకంటే అవి మన మన్యంలోనూ దొరికేవే. మందుకు వాడే పసుపురంగు చెక్క మానుపసుపు సంగతి వేరు. ఆయుర్వేదం దారుహరిద్ర అని చెప్పే ఆ ముళ్లపొద హిమాలయాల్లో సుమారు 2000 నుంచి 3000 మీటర్ల ఎత్తున కొండవాలుల్లో పెరుగుతుంది. చెట్టుగా దానిని చూసినవారు మనలో అరుదు కాబట్టి, కొనేవారు అమ్మేవారి మాట మీదే ఆధారపడవలసి వస్తుంది.

ఈ కొట్టును నేను మెచ్చుకునేది ఆ విషయంలోనే. పొడి అడిగినా యజమాని ముందుగా చెక్క ముక్కలనే బయట పెడతారు, అడ్డంగా కోసి చూపమంటే విసుక్కోరు. దక్షిణాదిన ఇదే పేరుతో విరివిగా అమ్ముడయ్యేది పడమటి కనుమల్లోనూ శ్రీలంకలోనూ పెరిగే ఒక పెద్ద తీగ కాండం. పసుపురంగుకు కారణమైన బెర్బెరిన్ అనే చేదు పదార్థం రెండింటిలోనూ ఉంటుంది గనుక రంగు, రుచి చూసి తేడా చెప్పలేము. తీగ కాండాన్ని కోస్తే బండి చక్రపు ఆకుల్లా గీతలు, వాటి నడుమ కంటికి ఆనే రంధ్రాలు కనిపిస్తాయి. పొద చెక్క గట్టిగా, దట్టంగా ఉంటుంది, దాని రంధ్రాలు కంటికి ఆనవు. నేను కొన్న ముక్కలు ఈ రెండో రకానివి. అతిగా నరకడం వల్ల ఆ తీగ అడవుల్లో అరుదైపోయింది, కాబట్టి ఏది ఇస్తున్నారో అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

పొడి పొట్లాలు బయటినుంచి వచ్చినవి. వాటి మీద మానుపసుపు అని తప్ప ఏ మొక్కో, ఏ భాగమో రాయలేదు. దంచిన తరువాత పోల్చుకునే గుర్తులేవీ మిగలవు గనుక వాటిని కొనమని చెప్పలేను. రసాంజనం మరీ నిరాశపరిచింది. ఈ చెక్కనూ వేరునూ కాచి, ఆ కషాయాన్ని చిక్కబరచి చేసే ఆ ముద్ద నీటిలో చాలావరకు కరగాలి, కాని ఇక్కడిది కరిగించి చూస్తే అడుగున ఇసుక, చెక్కపొట్టు మిగిలాయి. కంటికి వాడతామని దీనిని అడిగేవారు ఉన్నారు. ఇలాంటి సరుకు కంటి దరిదాపులకు పోకూడదు.

మరొక లోటు కూడా ఉంది. బెర్బెరిన్ ఉన్న మందులు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, అప్పుడే పుట్టిన పసికందులకు పనికిరావు. ఆ మాట కొట్టులో అడిగితే తప్ప చెప్పలేదు; ఇంటి వైద్యానికి కొనేవారు ఎక్కువగా వచ్చే చోట ఇది చిన్న లోటు కాదు.

చెక్క ధర పొడికన్నా కాస్త తక్కువే. ఇంట్లో రోకలికి అంత సులువుగా లొంగదు, అందువల్ల అక్కడే చిన్న ముక్కలుగా కొట్టించుకుని తెచ్చుకోవడం మేలు. అందుకు వేరే డబ్బు అడగలేదు.