మిడి ఫైలా, ఆడియో ట్రాకా? బ్రౌజర్‌లో పాట కట్టేవాళ్లకు ఏది మేలు?

పోయిన బతుకమ్మకు పది రోజుల ముందు మిర్యాలగూడ నుంచి మా కీబోర్డ్ తమ్ముడు వాట్సాప్‌లో ఒక మిడి ఫైలు పంపాడు. సైజు 38 కేబీ. నల్లగొండలో నా పాత లాప్‌టాప్ మీద ఆన్‌లైన్ స్టూడియో తెరిచి, ఫైలును లాగి అందులో వదిలాను. ఆరు ట్రాకులు వరసగా పరుచుకున్నాయి. ప్లే నొక్కితే డప్పు మోగాల్సిన చోట పియానో టింగు టింగుమంటోంది. ఫోన్ చేస్తే, “నా దగ్గర మంచిగనే మోగుతుందన్నా, ఒకసారి చూడు” అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే, నేను విన్నదీ నిజమే.

ఎందుకంటే మిడిలో శబ్దం ఉండదు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు లాంటి లెక్కలే ఉంటాయి. తమ్ముడు డప్పు శాంపిల్‌ను తన కీబోర్డ్‌లో 60, 61 నోట్లకు పెట్టుకున్నాడు. నోట్లు నా దగ్గరికి వచ్చాయి, డప్పు వాడి కీబోర్డ్‌లోనే ఉండిపోయింది. పోనీ డ్రమ్ కిట్ పెడదామంటే, ఏ నంబరుకు ఏ వాయిద్యం మోగాలో చెప్పే జనరల్ మిడి పట్టిక ఒకటుంది, 1991లో వచ్చింది. అందులో ఆ రెండు నోట్లూ బోంగోలనే చిన్న జంట డ్రమ్ములవి. అదే పట్టికలోని 128 వాయిద్యాల్లో 105 సితార్, 112 షెహనాయి. డప్పు లేదు, కిన్నెరా లేదు. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన పన్నెండు మెట్ల కిన్నెర నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఆ పట్టికకు తెలియదు.

ఈ లెక్కన ఆడియోనే మేలు అనిపిస్తుంది. శబ్దాన్ని ఉన్నదున్నట్టు దాచే వేవ్ ఫైలు ఎక్కడ తెరిచినా వాడు వాయించినట్టే మోగుతుంది. కాకపోతే బరువు. మామూలు సీడీ నాణ్యతలో స్టీరియో వేవ్ నిమిషానికి పది ఎంబీ దాటుతుంది. నాలుగు నిమిషాల పాట, ఎనిమిది ట్రాకులంటే 340 ఎంబీ దాకా అప్‌లోడ్ చేయాలి. దేవరకొండ అవతల తండాలో కూర్చుని మొబైల్ డేటాతో చేసి చూడండి, తెల్లారుతుంది.

బరువు సంగతి సరే, అసలు తేడా తెలిసింది పాడే అక్క వచ్చాక. రెండో చరణంలో ఉయ్యాలో అని పైకెత్తి, “ఇంకొంచెం పెంచు, గొంతు కిందికి పోతుంది” అంది. ట్రాక్ జీ శ్రుతిలో ఉంది, అర స్వరం పైనున్న జీ షార్ప్‌కు తేవాలి. మిడిలో అయితే నోట్లన్నీ పట్టుకుని ఒక గడి పైకి జరిపితే అయిపోయింది. ఫ్లూట్ ఫ్లూట్‌గానే ఉంది, బేస్ బేస్‌గానే ఉంది. (డప్పు ట్రాకును మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ నోటు జరిగితే శ్రుతి మారదు, వాయిద్యమే మారిపోతుంది.) ఆడియోలో కూడా ఒక అర స్వరం వరకు ఫరవాలేదు. రెండు మూడు దాటితే ఫ్లూట్ ముక్కుతో పాడినట్టు ఉంటుంది. తప్పు నోటు సంగతీ అంతే. మిడిలో ఆ ఒక్క నోటును పట్టి దించితే చాలు. ఆడియోలో ఆ ముక్క మళ్లీ వాయించమని మిర్యాలగూడకు ఫోన్ కొట్టాలి.

అయితే మిడితో గమకం దగ్గర తిప్పలు తప్పవు. కీబోర్డ్ మీది పిచ్ వీల్ తిప్పి స్వరాన్ని జార్చేటప్పుడు మిడి ఎంత తిప్పారో మాత్రమే చెబుతుంది, అది ఎన్ని స్వరస్థానాలో (అర స్వరాలో) బెండ్ రేంజ్ అనే సెట్టింగ్ తేలుస్తుంది. మామూలుగా అది అటూ ఇటూ 2. తమ్ముడు 12 పెట్టుకుని వాయించాడు. ఇక్కడ 2గా తీసుకుంటే, షడ్జం నుంచి శుద్ధ మధ్యమం దాకా జారాల్సిన స్వరం శుద్ధ రిషభాన్ని కూడా అందుకోదు. వినేవాళ్లు పాట అపశ్రుతి అంటారు, పాపం వాయించినవాడిది కాదు. టెంపో, అంటే పాట వేగం కూడా చూసుకోవాలి. చివర్లో డప్పు దరువు ఊపందుకునే పాటలకు ఫైలులో టెంపో మార్పులు ఉంటాయి. ప్రాజెక్టంతటికీ ఒకే టెంపో పెట్టే స్టూడియోలో అవి పోతాయి. అందుకే నేను ఏ ఫైలునైనా ముందు సిగ్నల్ అనే ఉచిత బ్రౌజర్ ఎడిటర్‌లో తెరుస్తాను. టెంపో గీత, బెండ్ గీత రెండూ కనిపిస్తాయి.

ఏ స్టూడియో అని కూడా అడుగుతారు. డబ్బులు పెట్టకుండా మొదలు పెట్టాలంటే బ్యాండ్‌ల్యాబ్ అంటాను. సౌండ్‌ట్రాప్ కూడా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కానీ చాలా సౌకర్యాలు డబ్బు కడితేనే. కీబోర్డ్‌ను కేబుల్‌తో నేరుగా కలపాలనుకుంటే క్రోమ్ వాడండి, అందులో 2015 నుంచే ఆ వీలుంది. ఫైర్‌ఫాక్స్‌లో 2022 చివర్లో వచ్చింది. సఫారీలో లేదు.

ఇంకోటి. సౌండ్‌ట్రాప్‌ను 2017లో స్పాటిఫై కొంది, 2023లో తిరిగి స్థాపకులకే అమ్మేసింది. కంపెనీలు ఇలా చేతులు మారుతుంటే ప్రాజెక్టును వాళ్ల సర్వర్ మీదే వదిలేయడం నాకు టెన్షన్. మిడి 1983 నాటిది, ఇప్పటికీ ఎక్కడైనా తెరుచుకుంటుంది. అందుకని పాట అయిపోయాక కూడా అసలు మిడి ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటాను.

చివరికి ఆ పాటకు ఫ్లూట్, స్ట్రింగ్స్, బేస్ మిడిలోనే ఉంచాను. డప్పును మాత్రం ఆడియోగా పంపమన్నాను, పాట మొదలు నుంచే, ముందు ఖాళీ ఉన్నా కత్తిరించకుండా. లేకపోతే మొదటి దెబ్బ ఎక్కడ కలపాలో వెతుక్కోవడమే సరిపోతుంది. వాడు కీబోర్డ్ శాంపిల్ వదిలేసి, పక్క వాడకట్టులో డప్పు కొట్టే పెద్దాయనను కూర్చోబెట్టి, మంట మీద కాచిన నిజం డప్పునే రికార్డు చేసి పంపాడు. నాలుగు నిమిషాల మోనో ట్రాక్, 21 ఎంబీ. పావుగంటలో ఎక్కింది.